ప్లేట్‌లెట్స్ ఎంత అని అడిగాను: ఒక డెంగ్యూ కేసు, రెండు ఫోన్ కాల్స్

పేషెంట్ బతికింది, నడుచుకుంటూ ఇంటికెళ్లింది. అది ముందే చెప్పేస్తున్నా, చదివేటప్పుడు ఆ టెన్షన్ అక్కర్లేదని. డెంగ్యూ మీద రాసేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, నేను రాసేది దాని గురించి కాదు. ఆ రాత్రి 12:50కి నాకొక ఫోన్ వచ్చింది, 1:45కి ఇంకోటి వచ్చింది, మధ్యలో 55 నిమిషాలు, ఆ 55 నిమిషాల గురించే ఇదంతా. పేషెంట్‌ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

నేను జనరల్ మెడిసిన్. కోస్తాలో ఒక టౌన్, 100 పడకల ప్రైవేటు హాస్పిటల్. సెప్టెంబర్ అంటే మాకు జ్వరాల సీజన్, ఆ వారమైతే మెడికల్ వార్డు నిండిపోయి కారిడార్‌లో కూడా మంచాలు వేశాం. రాత్రిపూట ఆ ఫ్లోర్‌కి ఇద్దరు సిస్టర్లు, ఒక ఆయా. డ్యూటీ డాక్టర్ హాస్పిటల్ మొత్తానికీ ఒక్కడే, క్యాజువాలిటీ కూడా ఆయనే చూసుకోవాలి. ఇది మా దగ్గరే కాదు, చిన్న టౌన్లలో చాలాచోట్ల ఇంతే.

పేషెంట్‌కి 34 ఏళ్లు, 52 కేజీలు, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. జ్వరం మొదలైన నాలుగో రోజు వచ్చింది, ఎన్‌ఎస్ 1 (డెంగ్యూ పరీక్ష) పాజిటివ్. అడ్మిషన్‌లో బీపీ 116/74, పల్స్ 98, ప్లేట్‌లెట్స్ 94 వేలు, పీసీవీ (రక్తంలో ఎర్రకణాల శాతం) 37. మర్నాడు సాయంత్రానికి జ్వరం దిగిపోయింది, 98.6. ఇంట్లోవాళ్లు సంతోషం, భర్తయితే పొద్దున్నే డిశ్చార్జ్ చేస్తారా సార్ అని అడిగాడు కూడా. సాయంత్రం రిపోర్ట్‌లో ప్లేట్‌లెట్స్ 62 వేలు. అదే కాగితం మీద, రెండు లైన్ల పైన, పీసీవీ 41 అని ఉంది. రౌండ్స్‌లో ఆ కాగితం నా చేతిలోనే ఉంది, 41 కంటికి ఆనింది గానీ బుర్రకెక్కలేదు. 62 ఒక్కటే ఎక్కింది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, డాక్టర్లు కానివాళ్లు కూడా చదువుతారేమో కాబట్టి. డెంగ్యూలో పెద్దవాళ్లకైనా పిల్లలకైనా అసలు గండం జ్వరం మండుతున్నప్పుడు కాదు, దిగేటప్పుడు. ఆ టైమ్‌లో కొందరికి రక్తనాళాల్లోంచి ప్లాస్మా బయటికి కారిపోతుంది, పొట్టలోకి, ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది, ఇలా ఒక 24 నుంచి 48 గంటలు నడుస్తుంది. నీరు పోయేకొద్దీ లోపల మిగిలిన రక్తం చిక్కబడుతుంది, పీసీవీ పెరగడం అంటే అదే. ఒళ్లు దాన్ని తట్టుకోడానికి నాళాల్ని బిగించేస్తుంది, దాంతో పై బీపీ చాలాసేపు బాగానే కనిపిస్తుంది, కింది బీపీ మాత్రం మెల్లగా పైకొస్తుంది. రెండిటి మధ్య తేడా 20కి దిగిందంటే అది షాక్, పై నంబర్ ఎంత ముద్దుగా ఉన్నా సరే. ప్లేట్‌లెట్స్‌కీ ఈ కారడానికీ నేరుగా లెక్క లేదు. కానీ మన దగ్గర డెంగ్యూ అంటే ప్లేట్‌లెట్సే, బొప్పాయి ఆకు రసం, కివీ పళ్లు, వాట్సాప్ గ్రూపులో ‘ఎంతున్నాయి ఇప్పుడు’. జనాన్ని నవ్వుకుంటాం గానీ మేం మాత్రం ఏం తక్కువ.

ఇక ఆ రాత్రి. పది గంటలకి సిస్టర్ వైటల్స్ రాసింది, పల్స్ 104, బీపీ 110/80, రెస్పిరేషన్ 20. 11:40కి పేషెంట్ వాళ్లమ్మ కౌంటర్ దగ్గరికొచ్చి "సిస్టరమ్మా, జ్వరం లేదు గానీ పిల్ల చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి, రెండుసార్లు కక్కుకుంది, అటూ ఇటూ దొర్లుతోంది, నాకేం బాగా అనిపించట్లా" అంది. సిస్టర్ వెంటనే వెళ్లింది. బీపీ 104/84, పల్స్ 116. బొటనవేలి గోరు నొక్కి వదిలింది, ఎరుపు తిరిగి రావడానికి నాలుగు అంకెలు లెక్కపెట్టాల్సి వచ్చిందట, రెండు లోపు రావాలి. ఆ అమ్మాయికి రెండేళ్ల సర్వీసు కూడా లేదు. గోరు నొక్కి చూడమని ఎవరూ చెప్పలేదు, తనే చూసింది, చూసి చార్ట్‌లో రాసింది కూడా.

డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసింది. ఆయన కింద క్యాజువాలిటీలో, బైక్ యాక్సిడెంట్, తలకి దెబ్బ, పేషెంట్ ఫిట్స్‌లో ఉన్నాడు. వాంతికి ఇంజెక్షన్ పేరు చెప్పి "ఇవ్వండి, అయ్యాక వస్తా" అన్నాడు. ఆయన్ని నేనేం అనలేను, ఆ స్థానంలో నేనున్నా అదే అంటాను. 12:30కి మళ్లీ చూస్తే 100/84, పల్స్ 118. సాయంత్రం ఆరు తర్వాత యూరిన్‌కి వెళ్లలేదని వాళ్లమ్మ చెప్పింది. సిస్టర్ ఇంకో ఇరవై నిమిషాలు ఆగి, అవును ఆగింది, ఎందుకాగిందో తర్వాత చెప్తా, 12:50కి నాకు చేసింది.

ఆ కాల్ నా ఫోన్‌లో 41 సెకన్లు. అందులో ఏం జరిగిందో తర్వాత ఇద్దరం కూర్చుని గుర్తు చేసుకుని రాసుకున్నాం:

"సార్, 214 డెంగ్యూ పేషెంట్ సార్, కొంచెం డల్‌గా ఉంది, వాంతులవుతున్నాయి."
"బీపీ ఎంతమ్మా?"
"వంద సార్, వంద బై..."
"ప్లేట్‌లెట్స్?"
"సాయంత్రం 62 వేలు సార్."
"62 అంటే పర్లేదు కదా. సెలైన్ నడుస్తోందా? సరే, పొద్దున్నే రిపీట్ పంపించండి."

చూడండి, ‘వంద బై’ దగ్గర నేను అడ్డుపడ్డాను. ఆ బై తర్వాత రావాల్సింది 84. మొత్తం జబ్బు ఆ 84లోనే ఉంది, అది ఆ అమ్మాయి నోటి చివరిదాకా వచ్చి ఆగిపోయింది. నేను పడుకున్నాను, నిజంగానే నిద్రపోయాను.

1:30కి 96/82, పల్స్ 124, నాడి సన్నగా దారంలా తగులుతోంది. అప్పుడు సిస్టర్ నాకు మళ్లీ చేయకుండా నైట్ సూపర్‌వైజర్ సిస్టర్‌ని పిలిచింది. ఆవిడ ఇరవై ఏళ్ల పైన సర్వీసు, పెద్ద గవర్నమెంట్ హాస్పిటల్లో మలేరియాలు, డెంగ్యూలు, పాము కాట్లు అన్నీ చూసొచ్చిన మనిషి. ఆవిడ వచ్చి మానిటర్ వైపు కూడా చూడలేదట, మంచం పక్కన నిలబడి పేషెంట్ వేళ్ల దగ్గర్నుంచి తన అరచేతి వెనక భాగం ఆనిస్తూ పైకెళ్లింది, వెచ్చదనం ఎక్కడ మొదలవుతుందో చూడ్డానికి. మోచేతి దగ్గర మొదలైంది. తర్వాత వాచీ పెట్టుకుని నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టింది, 28.

1:45, ఫోన్: "సార్, 214. మీరు రావాలి. బీపీ 96 బై 82, తేడా పద్నాలుగే ఉంది, చేతులు మోచేతి దాకా చల్లగా ఉన్నాయి, ఊపిరి 28, ఏడు గంటలకి పైగా యూరిన్ లేదు. రెండో లైన్ పెట్టేస్తున్నా, పీసీవీకి బ్లడ్ పంపిస్తున్నా, ఐసీయూలో బెడ్ ఉందా అడిగాను, ఉంది."

నేను ఏమీ అడగాల్సిన పని పడలేదు. ప్యాంటు వేసుకుంటూనే ‘వస్తున్నా’ అన్నాను. 2:05కి చేరేసరికి బీపీ 92/78, డ్యూటీ డాక్టర్ కూడా పైకొచ్చేశాడు, లావు కాన్యులా పెట్టి ఉంది, సెలైన్ బాటిల్ వేలాడదీసి రెడీగా ఉంది. కేజీకి 10 ఎంఎల్ లెక్కన 500 గంటలో ఎక్కించాం. పీసీవీ 47 వచ్చింది, 37 నుంచి 47, అంటే నాలుగో వంతు పైనే పెరిగింది. ఐసీయూకి మార్చాం. మూడింటికి 104/78, తేడా 26, పల్స్ 108, వెచ్చదనం మణికట్టు దాకా దిగింది. కాథెటర్‌లో ముదురు రంగు యూరిన్ 40 ఎంఎల్. వాళ్లమ్మ ఆ సంచీ వైపే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత గంటగంటకీ బీపీ తేడా, యూరిన్, పీసీవీ చూసుకుంటూ సెలైన్ స్పీడు తగ్గించుకుంటూ వచ్చాం. మర్నాడు ప్లేట్‌లెట్స్ 28 వేలకి పడ్డాయి, ఇంట్లోవాళ్లకి కంగారు, ఎక్కించండి సార్ అని ఒకటే ఒత్తిడి, బ్లీడింగ్ లేదు కాబట్టి ఎక్కించలేదు. తమాషా ఏంటంటే 28 వేలు ఉన్నప్పుడు ఆవిడ లేచి కూర్చుని ఇడ్లీ తింటోంది, 62 వేలు ఉన్నప్పుడు షాక్‌లో ఉంది. మూడో రోజు తెల్లవారుజామున ఐసీయూ బ్రదర్ (మగ నర్సు) ఫోన్ చేసి, సార్ యూరిన్ బాగా వస్తోంది, పీసీవీ దిగింది, పడుకుంటే దగ్గుతోంది, ఇంకా సెలైన్ అవసరమా అన్నాడు. బయటికెళ్లిన నీరు వెనక్కి వస్తోందన్నమాట, ఆ టైమ్‌లో సెలైన్ ఆపకపోతే ఊపిరితిత్తుల్లో చేరి వేరే గొడవ. ఆపించాను. ఈసారి మాత్రం ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా నోరు తెరవలేదు లెండి.

ఇక్కడితో డెంగ్యూ అయిపోయింది.

ఆ వారంలోనే ఒకరోజు డ్యూటీ రూమ్‌లో ఆ జూనియర్ సిస్టర్, సూపర్‌వైజర్ సిస్టర్, డ్యూటీ డాక్టర్, నేను కూర్చున్నాం. టీ తెప్పించాను. ఎంక్వైరీ అనుకుని ఆ అమ్మాయి చేతులు వణుకుతున్నాయి, కప్పు సాసర్ మీద చప్పుడవుతోంది. మొదట తప్పు నాదని చెప్పాక గానీ మాట్లాడలేదు. 12:30కి చూసి 12:50 దాకా ఎందుకు ఆగావమ్మా అంటే చాలాసేపు కింద చూసి చెప్పింది. అంతకు నెల ముందు తన రూమ్‌మేట్, ఇంకో సిస్టర్, రాత్రి మూడింటికి షుగర్ 210 ఉందని నాకు ఫోన్ చేసిందట. నేను "దీనికి కూడా లేపుతారా" అన్నానట. నాకు ఆ కాల్ గుర్తే లేదు. హాస్టల్‌లో మాత్రం అందరికీ గుర్తుంది. ఏ డాక్టర్‌కి ఎలా ఫోన్ చేయాలో వాళ్లకో లెక్క ఉంది, ఎవరికి ముందు మెసేజ్ పెట్టాలి, ఎవరికి ఫైల్ మొత్తం ముందేసుకుని చేయాలి, ఎవరికి అసలు చేయకుండా డ్యూటీ డాక్టర్ మీదకి తోసేయాలి. నాకు ఫోన్ చేసే ముందు దండం పెట్టుకుంటారట. నవ్వుతూనే చెప్పింది సూపర్‌వైజర్ సిస్టర్, నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ ఇరవై నిమిషాలు ఆ అమ్మాయి చేసింది ఏంటంటే నేను అడగబోయేవి ఊహించుకుంటూ ఫైల్ వెతకడం. ప్లేట్‌లెట్స్ ఖచ్చితంగా అడుగుతారని తెలుసు, అందుకే ఆ కాగితం పైన పెట్టుకుంది. గోరు సంగతి చెప్పాలనుకుంది, ‘సార్ ఇది కూడా ఒక లెక్కా అంటారేమో’ అని మానేసింది. అంటే మేం ఏ ప్రశ్న అడుగుతామో దాన్ని బట్టే వాళ్ల కళ్లకి కనిపించింది మా దాకా వస్తుంది, అడగనిది చార్ట్‌లోనే ఉండిపోతుంది. మళ్లీ అదే సిస్టర్‌ని పొద్దున ‘ఎందుకు చెప్పలేదు’ అంటాం.

తర్వాత ఆ రాత్రి చార్ట్ తీసి న్యూస్ స్కోర్ వేసి చూశాను. తెలియనివాళ్లకి, పేషెంట్ పరిస్థితి దిగజారుతోందా అని ముందే పట్టుకోడానికి ఇది బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ వాళ్లు 2012లో తెచ్చిన లెక్క, 2017లో మార్చారు, పల్స్, పై బీపీ, ఊపిరి, ఆక్సిజన్, టెంపరేచర్, స్పృహ, వీటికి మార్కులు. మా చార్ట్‌లోనూ ఆ డబ్బాలు ఉన్నాయి, అక్రిడిటేషన్ కోసం ప్రింట్ చేయించారు, కూడినవాడు లేడు. 12:30 అంకెలకి పల్స్‌కి 2, బీపీకి 2, ఊపిరి 20 అని రాసుంది కాబట్టి సున్నా, మొత్తం 4. నాలుగంటే తక్కువ రిస్కే. కానీ ఆ 20 ఎవరూ లెక్కపెట్టలేదు. గంట తర్వాత నిజంగా లెక్కపెడితే 28 ఉంది, 12:30కి కనీసం 25 ఉండి ఉంటే దానికి 3, మొత్తం 7 అయ్యేది, ఏడంటే పరిగెత్తి రావాల్సిన కేసు. ఆ ఒక్క గడి నిజంగా నింపకపోవడం వల్ల ఏడు కాస్తా నాలుగైంది. అనుమానమొచ్చి ఆ రోజు వార్డు మొత్తం చార్టులు తిరగేశాను, అందరికీ ఊపిరి 18 లేదా 20, న్యుమోనియా వాడికీ 20, కాలికి కట్టు కట్టుకుని పడుకున్నవాడికీ 20. సిస్టర్లని తప్పు పట్టే ముందు నా హౌస్ సర్జన్సీ గుర్తొచ్చింది, నేనూ 20 రాసినవాడినే. ఇంకోటి కూడా ఉంది, ఈ స్కోర్‌లో కింది బీపీకి అసలు మార్కే లేదు, అంటే డెంగ్యూ షాక్‌ని ఇది సగం కంటితోనే చూస్తుంది. స్కోర్ ఉంటే చాలని నాతో వాదించే మేనేజ్‌మెంట్ వాళ్లకి ఇదే చూపించాను.

రూల్ కాగితం మీద ఉండటం వేరే, పిలవడం వేరే అని చెప్పడానికి ఆస్ట్రేలియాలో 23 హాస్పిటళ్లలో చేసిన మెరిట్ స్టడీ ఉంది, 2005లో వచ్చింది. కొన్నిచోట్ల ఎమర్జెన్సీ టీమ్ పెట్టారు, కొన్నిచోట్ల పెట్టలేదు, చివరికి ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చాలామందికి పిలవాల్సిన గుర్తులు ముందే కనిపించినా టీమ్‌ని పిలవనేలేదు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఎలైన్ బ్రోమిలీ అనే ఆవిడ ఒక చిన్న సైనస్ ఆపరేషన్‌కి మత్తిచ్చేటప్పుడు శ్వాస దారి దొరక్క మెదడు దెబ్బతిని, కొన్ని రోజులకి చనిపోయింది. అక్కడ ఒక నర్సు గొంతుకి రంధ్రం పెట్టే సెట్ తెచ్చి పెట్టింది, ఇంకో నర్సు ఐసీయూ బెడ్ అడిగింది, డాక్టర్ల చూపులు చూసి ఆ బెడ్ క్యాన్సిల్ చేసేసింది. అనుభవమున్న డాక్టర్లు, కావాల్సిన సామాను, తెలిసిన నర్సులు, అందరూ ఒకే గదిలో ఉన్నారు. ఇది నేను పీజీలోనే చదివాను. చదివి, ఆ డాక్టర్లెవరో ఆ నర్సులెవరో అనుకున్నాను.

మేం మార్చినవి పెద్దవేం కాదు, ఒప్పుకుంటా. డెంగ్యూ చార్ట్‌లో బీపీ పక్కన తేడా రాయడానికి ఇంకో గడి పెట్టాం, తేడా 25కి దిగితే డ్యూటీ డాక్టర్, 20 అయితే నేరుగా కన్సల్టెంట్, చేతులు వెచ్చన, చల్లన అని ఇంకో గడి. డ్యూటీ డాక్టర్ 15 నిమిషాల్లో రాలేకపోతే ఆయన్ని దాటి మాకు చేయొచ్చని రాసి సంతకాలు పెట్టాం, దీనికి అందరికంటే ముందు సంతకం పెట్టింది ఆ డ్యూటీ డాక్టరే. ఫోన్ పక్కన తెలుగులో నాలుగు లైన్లు అంటించాం. పేషెంట్ సంగతి డాక్టర్‌కి వరసలో చెప్పడానికి ఎస్‌బార్ అని ఒక పద్ధతి ఉంది, అమెరికా నేవీ సబ్‌మెరైన్లలోంచి హాస్పిటళ్లకి వచ్చింది, అందులో ఏం కావాలో చివర్లో చెప్తారు. మేం దాన్ని తిరగేసి మొదట్లో పెట్టాం, ఎందుకంటే నాలాంటివాళ్లు చివరిదాకా వినరు. మొదటి మాటే ‘మీరు రావాలి’ లేదా ‘సలహా కావాలి’. డాక్టర్లకి ఒకటే రూల్, సిస్టర్ ఆపేదాకా ప్రశ్న వేయకూడదు, ల్యాబ్ గురించి అయితే అసలు వేయకూడదు.

అన్నీ పని చేశాయని చెప్పను. ఒక సీనియర్ కన్సల్టెంట్ సంతకం పెట్టలేదు, ఇప్పటికీ ఆయన పేషెంట్లకి సిస్టర్లు నాకే ఫోన్ చేసి అడుగుతారు, అది ఇంకో తలనొప్పి. ఊపిరి లెక్క రెండు వారాలు బాగా నడిచి మళ్లీ 20కి వచ్చేసింది, ఇద్దరు సిస్టర్లకి ముప్ఫై మంది పేషెంట్లు, ఒక్కొక్కరికి నిమిషం అంటే ఎక్కడ కుదురుతుంది, చివరికి జ్వరాలకీ ఆపరేషన్ అయినవాళ్లకీ మాత్రం తప్పనిసరి అని దిగొచ్చాం. ఫోన్ పక్కన అంటించిన కాగితం మీద సంక్రాంతికి ఎవరో కొత్త క్యాలెండర్ తగిలించేశారు. మళ్లీ తీయించాం.

రాత్రి కాల్స్ పెరిగాయి, మా ఆవిడ ఫోన్ హాల్లో పెట్టుకోమంది.

జనవరిలో ఒకరోజు రాత్రి మూడున్నరకి అదే జూనియర్ సిస్టర్. "సార్, మీరు రావాలి" అంది మొదటే, గొంతు వణకలేదు. 209, జ్వరం పేషెంట్, చేతులు బాగా చల్లగా ఉన్నాయి, మనిషి అదోలా ఉన్నాడు, బీపీ తేడా 34 బాగానే ఉంది గానీ నాకు నచ్చట్లేదు సార్ అంది. వెళ్లాను. ఆయన మంచం సరిగ్గా ఏసీ కింద ఉంది, దుప్పటి కింద పడిపోయింది, ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసా చేతిలో పట్టుకునే నిద్రపోయాడు. లేపితే "ఏంటి సార్ ఈ టైమ్‌లో" అని నన్నే అడిగాడు. ఊపిరి నిమిషం పాటు లెక్కపెట్టా, 16. సిస్టర్ మొహం ఎర్రబడిపోయింది, సారీ సార్ అనబోతుంటే ఆ సీసా తీసి తన చేతికిచ్చి, దుప్పటి కప్పు, ఏసీ ఆపించు, టీ ఉందా అన్నాను. ఉంది సార్ అంది. చార్ట్‌లో 16 రాసి టైమ్ వేసి సంతకం పెట్టాను. ఇంటికొచ్చేసరికి పాలవాడు గేటు దగ్గర ఉన్నాడు.